లారీ రానిండుకుంది

మా బంధువుల్లో ఎవరింట పెళ్ళి జరిగినా, పప్పు వడ్డన పూర్తయ్యేలోపు ఎవరో ఒకరు ఈ కథ ఎత్తుకుంటారు. "మా పిన్ని బెజవాడలో కంప్యూటరుకి తెలుగు నేర్పబోయింది. వంటింటి మాటొకటి పట్టుకెళ్ళి మిషన్లో పెట్టింది. దెబ్బకి గుడివాడ వైపు యూరియా లారీలన్నీ ఆగిపోయాయి." పంక్తి అంతా నవ్వుతుంది. చెప్పేది మా అక్క కొడుకైతే ఇంకాస్త కలిపి, లారీలతో పాటు మచిలీపట్నం రైలు కూడా ఆపేస్తాడు.

నేను విస్తరి ముందు కూర్చునే వాదనకి దిగుతాను. నేను పెట్టిన మాట అది కాదు. నేను పెట్టింది 'లేదు'. సాఫు తెలుగు, రెండక్షరాలు, ఏ వంటింట్లోనూ పుట్టలేదు. కానీ అన్నం తినేవాళ్ళకి నిజం కంటే కథే రుచి. "సరేలే పిన్నీ, పెరుగు వేయించుకో" అంటారు.

ఆ రోజుల్లో ఆ పనిలో ఉన్నవాళ్ళు చెప్పుకునే కథ ఇంకొకటుంది. దాని ప్రకారం తప్పు నాది కాదట, కంప్యూటరుదట. నా పక్షాన మాట్లాడుతున్నామనుకుని వాళ్ళు ఇది చెప్తారు. ఇదీ నేను ఒప్పుకోను. ఆ మిషను చెప్పింది చెప్పినట్టు చేసింది. దాని మీద అన్యాయంగా మాట పడితే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. కాబట్టి జరిగింది జరిగినట్టు ఒకసారి కాగితం మీద పెడితే, ఇక ముందు పెళ్ళిళ్ళలో నేను కూడా ప్రశాంతంగా పప్పన్నం తినొచ్చు.

డెబ్బైల చివరి సంవత్సరాలు. పటమటలో మెయిన్ రోడ్డు మీద ఒక మేడ. కింద సైకిళ్ళ షాపు, పైన మా ఆఫీసు. ఊళ్ళో వ్యాపారస్థులు జీతాల పట్టీలు, సరుకు నిల్వలు తెచ్చి ఇస్తే, మేము వాటిని కంప్యూటరుకి ఎక్కించి పొందికగా అచ్చు వేసి ఇచ్చేవాళ్ళం. కంప్యూటరంటే ఇప్పుడు బల్ల మీద టీవీలా కూర్చునేది కాదు. హైదరాబాదులో తయారై లారీలో వచ్చిన రెండు ఇనప బీరువాలు, వాటి ముందు టెలిటైపు అనే పెద్ద టైపు మిషను. తెర లేదు. మనం కొట్టింది కాగితపు చుట్ట మీద పడుతుంది, దాని జవాబూ ఆ చుట్ట మీదే పడుతుంది. గదికి ఏసీ. బెజవాడ ఎండల్లో ఆ ఏసీ కోసం ఏదో పని ఉన్నట్టు మొహం పెట్టుకుని వచ్చి కూర్చునేవాళ్ళకి లెక్కలేదు. చెప్పులు బయట విడవాలి, మంచినీళ్ళ గ్లాసు లోపలికి తేకూడదు. దసరాకి మా మేనేజరు గారు బీరువాలకి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ మాత్రం గుమ్మం బయట కొట్టేవారు. నీళ్ళు పడకూడదు కదా, అందుకు.

నేను మైలవరం పిల్లని. బెజవాడలోనే లెక్కల్లో బీఎస్సీ చదివి ఆ ఆఫీసులో చేరాను. చేరింది టేపు మీద బెజ్జాలు కొట్టడానికి. అప్పట్లో లెక్కలు మిషనుకి చెప్పాలంటే, సన్నటి కాగితం టేపు మీద బెజ్జాలు పడేట్టు టైపు చెయ్యాలి. నా పక్క సీటులో నాకంటే పదేళ్ళు పెద్దావిడ ఉండేది. గుణదల నుంచి వచ్చేది, వాళ్ళు కేథలిక్కులు. అంతకు ముందు వకీలు దగ్గర టైపిస్టుగా చేసింది. నేను అక్కా అనేదాన్ని. ఆవిడే మొదటి రోజు నాకు చెప్పింది: "బెజ్జంవాడలో ఉన్నాం, బెజ్జాలు కొట్టుకుని బతుకుతున్నాం. ఇందులో కొత్తేముందే?"

టెలిటైపు ముందు ఒక కుర్చీ ఉండేది. ఆ కుర్చీలో కూర్చుని ప్రోగ్రాములు రాసేది మాత్రం మద్రాసు నుంచి వచ్చే ఒక ఇంజనీరు. నెలకోసారి వచ్చేవాడు, రెండు రోజులుండేవాడు, బందరు రోడ్డులో హోటలు భోజనం బాగాలేదని చెప్పి వెళ్ళిపోయేవాడు. మధ్యలో ఏ చిన్న మార్పు కావాలన్నా ఆయన వచ్చేదాకా ఆగాలి. ఆ కుర్చీ మీద నాకు కన్నుపడింది. దాచుకోలేదు, ఎవరడిగినా చెప్పాను.

"అది ఆడపిల్లలు కూర్చునే సీటు కాదమ్మాయ్" అన్నారు మేనేజరు గారు.

"ఎందుకండీ, కుర్చీకి చేతులున్నాయనా?"

"ప్రోగ్రాము రాయాలంటే చదువు కావాలి."

"నా చదువు మీ దగ్గర సర్టిఫికెట్టు రూపంలో ఉంది సార్. బీరువాలో చూడండి."

ఆయన చెడ్డవాడు కాదు. తెల్ల లాల్చీ, నుదుట చుక్క, నోట్లో ఎప్పుడూ వక్కపొడి. ఎవరితోనూ గట్టిగా గొడవ పెట్టుకోలేని మనిషి. నేను గొడవ మానలేని మనిషిని. కాబట్టి మద్రాసాయన మిషను పుస్తకం ఒకటి మరిచిపోయి వెళ్ళినప్పుడు, దాన్ని నేను చదువుకుంటుంటే ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నారు. మధ్యాహ్నం క్యారేజీ తింటూ ఒక్కో పేజీ చదివేదాన్ని. తిన్నాక టెలిటైపు ఖాళీగా ఉంటే వెళ్ళి చేసి చూసేదాన్ని.

అందులో ఎడిటరు అనే భాగం దగ్గర నా మనసు ఆగిపోయింది. పత్రికాఫీసులో ఉండే ఎడిటరు కాదు, రాసినదాన్ని దిద్దుకునే సాధనం. తెర లేదు కాబట్టి ప్రోగ్రామంతా ఒక్కసారి కళ్ళకి కనపడదు. ఎన్నో వరస కావాలో చెప్తే ఆ ఒక్క వరసే కాగితం మీద కొట్టి చూపిస్తుంది. దాంట్లో ఫలానా అక్షరాలు తీసి ఫలానా అక్షరాలు పెట్టు అంటే పెడుతుంది. ఒక్క వరసలో మార్చాలా, రాసినదాంట్లో ఎక్కడుంటే అక్కడల్లా మార్చాలా అన్నది మనం చెప్పాలి. అన్నిచోట్లా అనాలంటే చివర జి అనే అక్షరం కొట్టాలి. అంతే. మిగతాదంతా మన తలలో ఉండాలి. చీకటి గదిలో బట్టలు మడత పెట్టడం లాంటి పని, వేళ్ళకి తెలియాలి. నాకు తెలిసింది. గొప్ప కోసం చెప్పడం లేదు. కొందరికి ముగ్గు చేతిలో ఉంటుంది. నాకు ముగ్గు రాదు, ఇది వచ్చింది.

ఆ ఎడిటరుతోనే కమాండు ఫైలు రాయొచ్చని అదే పుస్తకంలో ఉంది. ఇప్పటి పిల్లలు దీన్ని స్క్రిప్టు అంటున్నారు. ముందు టేపు చదువు, తర్వాత ఊళ్ళ పేర్లు వరసలో పేర్చు, ఆ తర్వాత ప్రోగ్రాము తయారు చేసి నడుపు, చివరికి అచ్చు వెయ్యి, ఇలా పనులన్నీ ఒక వరసలో రాసి ఆ వరసకొక పేరు పెడితే, ఇక ఆ పేరొక్కటీ కొట్టి చేతులు కట్టుకుని కూర్చోవచ్చు. మా అమ్మ పొలానికి వెళ్తూ ఇంట్లో పనులన్నీ ఒక్క ఊపులో చెప్పి వెళ్ళేది కదా, అలాంటిది. తేడా ఏమిటంటే మిషను ఎదురు చెప్పదు. ఎదురు చెప్పకపోవడం ఎంత ప్రమాదమో నాకు తెలుసు. నేను ఇంట్లో ఉండగా మా అమ్మ పొరపాటున ఏదైనా తప్పు చెప్తే ఆ తప్పు గుమ్మం దాటేది కాదు.

సరిగ్గా ఆ రోజుల్లో ఎరువుల కంపెనీ వాళ్ళ పని వచ్చింది. వాళ్ళకి డెల్టా అంతటా గోడౌన్లు ఉండేవి: గుడివాడ, కైకలూరు, అవనిగడ్డ, ఇంకా చాలా చోట్ల. వాళ్ళ లారీలు పంపే ఆయన వన్ టౌన్ మనిషి, అందరూ సాయిబు గారనేవారు. ఒక రోజు మా మెట్లెక్కి వచ్చి, చెప్పులు విడిచి, ఏసీ గాలికి కళ్ళు మూసుకుని కాసేపు నిలబడి, తర్వాత మొదలుపెట్టారు.

"మేనేజరు గారూ, మీరు పంపే ఇంగ్లీషు కాగితం మా గుమాస్తా చదివి, అంకెలు కూడి, నాకు చెప్పేలోపు డ్రైవరు టీ తాగి లారీ కింద నిద్రపోతున్నాడండీ. నాకు అంకెలొద్దు. ఎక్కడ సరుకు ఉంది, ఎక్కడ లేదు, ఎక్కడికి పంపిన లారీ ఇంకా రాలేదు. ఈ మూడూ తెలుగులో కొట్టించండి, చాలు."

"మిషనుకి తెలుగక్షరాలు రావు సాయిబు గారూ" అన్నారు మేనేజరు గారు.

"ఇంగ్లీషక్షరాలతోనే తెలుగు కొట్టండి. లారీల మీద ఊళ్ళ పేర్లు అట్టాగేగా రాస్తారు? అవి చదవటం నాకు అలవాటే."

మద్రాసాయన రావడానికి ఇంకా చాలా రోజులుంది. నాట్లు అవుతున్నాయి, కాలవల్లో నీళ్ళున్నాయి, యూరియా కోసం జనం తిరుగుతున్న సమయం. నేను లేచి నిలబడ్డాను. "నేను రాస్తాను సార్."

మేనేజరు గారు నన్ను చూశారు, సాయిబు గారిని చూశారు, వక్కపొడి నమిలారు. "ఒక షరతు. ఈ తెలుగు స్లిప్పు తప్పు లేకుండా నడిచిందా, ఆ కుర్చీ నీది. మద్రాసాయనతో నేనే చెప్తాను. నడవలేదా, మళ్ళీ కుర్చీ మాట నా దగ్గర ఎత్తకూడదు. బెజ్జాలు కొట్టుకో."

"రాసివ్వమంటారా సార్?"

"నీతో వాదించే ఓపిక లేదమ్మాయ్. మాటిచ్చాను."

రాశాను. సాయిబు గారి నోటి నుంచి వచ్చిన మాటలే తీసుకున్నాను: ఉంది, లేదు, లారీ రాలేదు. అక్క నా భుజం మీద నుంచి తొంగి చూసి అభ్యంతరం చెప్పింది. 'దు'కి డి మాత్రమే పెడితే 'లేడు' అనుకుంటారు, పక్కన హెచ్ పెట్టమంది. "గోడౌన్లో ఎవడు లేడు అనుకుంటారక్కా?" అన్నాను. అక్షరాల సంగతిలో ఆవిడకి పట్టుదల ఎక్కువ. ఒక పూటంతా నాతో మాట్లాడలేదు. నేనూ హెచ్ పెట్టలేదు.

మేనేజరు గారి అభ్యంతరం వేరు. మొదటిసారి నడిపి చూపించినప్పుడు మిషను టకటకా కొట్టింది: గుడివాడ లేదు, ఉయ్యూరు లేదు, పామర్రు లేదు. ఆయన మొహం చిట్లించారు.

"పొద్దున్నే బోణీ వేళ మిషను లేదు, లేదు, లేదు అంటుంటే వినడానికి బాగుందా?"

"మిషను కొట్టే చప్పుడు ఏ మాటకైనా ఒకటే సార్."

"చప్పుడు కాదమ్మాయ్, అర్థం."

"అర్థం సాయిబు గారికి కావాలి. మనకి కాదు."

ఈ 'లేదు' అన్న మాటతో ఆ ఆఫీసులో నాకు అంతకు ముందే ఒక పేచీ ఉంది. కాఫీలు మేమే కలుపుకునేవాళ్ళం. ఒకరోజు నేను డబ్బా మూత తీసి, "కాఫీ పొడి లేదక్కా, అయిపోయింది" అన్నాను. అక్క చేతిలో చెంచా కింద పెట్టేసింది.

"అవేం మాటలే? నిండుకుంది అనాలి. మీ అమ్మ నేర్పలేదా?"

"డబ్బా ఖాళీగా ఉంటే నిండుకుందంటే ఎట్లా అక్కా? అబద్ధం కదా?"

"అబద్ధం కాదు, మర్యాద. ఉన్నప్పుడు ఎవరైనా మర్యాదగా మాట్లాడతారు. లేనప్పుడు మాట్లాడాలి."

మేనేజరు గారు అవతలి నుంచి, "చక్కగా చెప్పారు" అన్నారు. హిందువుల ఇంటి మాట కేథలిక్కు ఆవిడ నోట వచ్చినందుకు ఆయన మరీ సంతోషించారు. అది ఒకరింటి మాటే అనుకోవడం ఆయన అమాయకత్వం. బియ్యం డబ్బా అడుగు కనిపిస్తే ఈ జిల్లాలో ఏ దేవుడికి దణ్ణం పెట్టేవాళ్ళైనా ఆ మాటే అంటారు. నేనొక్కదాన్నే అనను. ఇప్పటికీ అనను.

స్లిప్పు బాగా నడిచింది. సాయిబు గారు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, ఊరి పేరు మీద వేలు పెట్టి, డ్రైవర్లకి అక్కడికక్కడే చెప్పి పంపేస్తున్నారట. నా కమాండు ఫైలుకి 'ఎరువు' అని పేరు పెట్టాను. ఆ ఒక్క మాట కొడితే చాలు, మిగతాదంతా అదే చూసుకునేది. అదే నా గర్వం. నేను లేకపోయినా నడుస్తుంది.

నేను లేని రోజు రానే వచ్చింది. మైలవరంలో మా పినతండ్రి కూతురికి నిశ్చితార్థం. అక్కకి చెప్పాను: "టేపు పెట్టు, ఎరువు అని కొట్టు, కాగితం చింపి ఇవ్వు." "అంతేనా?" అంది. "అంతే" అన్నాను. మర్నాడు బస్సు దిగి ఆఫీసుకి వచ్చేసరికి సాయిబు గారు నాకంటే ముందే వచ్చి ఉన్నారు. ఈసారి ఏసీ గాలికి కళ్ళు మూసుకోలేదు.

"ఏమ్మా, మంచి పని చేశావు! గుడివాడ గోడౌను ముందు రైతులు మా వాణ్ణి చుట్టుముట్టారు. గింజ యూరియా లేదు. నువ్వేమో నిండింది అని కొట్టి పంపావు!"

"నేనా? నిండిందనా?"

"నిండుకుంది అని. కైకలూరుకి ఉత్త ఉంది అనే ఉంటే, ఇంకా చోటుందిలే అని ఉన్న లారీలన్నీ అటు పంపించా. అక్కడ ఇప్పటికే ఉంది, దింపటానికి చోటు లేదు. ఇక్కడ లేదు, పంపటానికి లారీ లేదు."

మేనేజరు గారు తల పట్టుకుని ఉన్నారు. "నిండుకుందంటే అయిపోయిందని కదండీ సాయిబు గారూ" అన్నారు నీరసంగా.

"నేను బెజవాడలో పుట్టానండీ, నాకు తెలీదా? బియ్యం డబ్బా నిండుకుందంటే అయిపోయిందని. గోడౌను నిండుకుందంటే? డబ్బా అయితే ఆడవాళ్ళు చెప్తారు. గోడౌను సంగతి కంప్యూటరు చెప్తోంది. కంప్యూటరుకి మర్యాదలేంటి? ఈ సీజన్లో నిండిందంటే నాకూ అనుమానం వచ్చింది. మిషను కదా, దానికి తెలుసులే అనుకున్నా."

ఆయన వాదన నాకు నచ్చింది. నా మీదకి వచ్చిన మనిషే అయినా, సరైన మాట సరైన మాటే. మాట అర్థం డబ్బాని బట్టి ఉంటుందని నాకు అంతకు ముందు తోచలేదు.

మేనేజరు గారు నావైపు తిరిగారు. "వంటింటి మాటలు పెడితే ఇలాగే ఉంటుంది. చెప్పాను కదమ్మాయ్. షరతు షరతే. రేపటి నుంచి టేపు చూసుకో. స్లిప్పు మద్రాసాయన వచ్చాక చూద్దాం."

"సార్, నేను పెట్టింది లేదు. మీరే కదా బాగాలేదన్నది?"

"మరి ఇదెక్కడి నుంచి వచ్చింది? మిషను దానంతటది మార్చిందా?"

కుర్చీ పోతోంది. అదీ నేను చెయ్యని పనికి. చెయ్యి చాపాను. "ఆ స్లిప్పు ఒకసారి ఇవ్వండి సాయిబు గారూ."

ఇచ్చారు. గుడివాడ నిండుకుంది. ఉయ్యూరు నిండుకుంది. కైకలూరు ఉంది. చదువుకుంటూ పోయాను. అవనిగడ్డ దగ్గర ఆగాను. నవ్వు వచ్చింది. అక్కతో సహా అక్కడున్న ముగ్గురూ నాకు పిచ్చెక్కిందనుకున్నారు.

"సార్, ఇది చదవండి. పైకి చదవండి."

మేనేజరు గారు కళ్ళజోడు సర్దుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కున్నారు. "అవనిగడ్డ. లారీ రా... రాని... రానిండుకుంది."

"లారీ రానిండుకుంది! తెలుగు పుట్టాక ఎవరైనా అన్నారా ఆ మాట? నా చేత్తో నేను రాస్తే 'లారీ రానిండుకుంది' అని రాస్తానా? పోనీ ఇంకెవరైనా చేత్తో రాస్తే రాస్తారా?"

"నేనది చూశానమ్మా" అన్నారు సాయిబు గారు. "లారీని రానిచ్చారు, గోడౌను నిండుకుంది అని అర్థం చేసుకున్నా. ఆ లారీ ఎక్కడుందో వెతకటం కూడా మానేశా."

"లారీ దొరికిందాండీ?"

"మోపిదేవి దగ్గర టైరు పోయి ఉంది. నువ్వు అసలు సంగతి చెప్పు."

"ఎవరో నా ప్రోగ్రాము ఎడిటరులో తెరిచి, లేదు అని ఎక్కడుంటే అక్కడల్లా తీసి నిండుకుంది పెట్టమని చెప్పారు. మిషను అట్లాగే చేసింది. రాలేదులో లేదు ఉంది కదా!"

"ఏంటమ్మా, లేదు ఉందా?"

"ఉంది సాయిబు గారూ. రా తర్వాత లేదు ఉంది."

"ఉందో లేదో ఒకటి చెప్పు తల్లీ, ఇప్పటికే నా బుర్ర తిరుగుతోంది."

మాటలతో లాభం లేదని టెలిటైపు ముందుకి వెళ్ళాను. ఆ కుర్చీలోనే కూర్చున్నాను, ఎవర్నీ అడగలేదు. వాళ్ళ కళ్ళముందే మూడు వరసలు కొట్టాను: ఉంది, లేదు, లారీ రాలేదు. చూపించాను. తర్వాత మార్చమని ఒక్క వరస కమాండు కొట్టి, చివర జి పెట్టాను. మళ్ళీ చూపించమన్నాను. మిషను తాపీగా కొట్టింది. ఉంది. నిండుకుంది. లారీ రానిండుకుంది.

సాయిబు గారు ముందు నవ్వారు. ఆ నవ్వు చూసి మేనేజరు గారు నవ్వారు. అక్క పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం నవ్వకుండా, "మీరే చెప్పండి సార్, ఇది రాసిన మనిషి తప్పా, మార్చిన మనిషి తప్పా?" అన్నాను.

"మార్చిన మనిషిదే" అన్నారు ఆయన.

"మార్చింది ఎవరు సార్?"

ఆయన వక్కపొడి డబ్బా మూత తీశారు. "అది తర్వాత చూద్దాం. ముందు సాయిబు గారికి సరైన స్లిప్పు కొట్టివ్వు."

"ఏ కుర్చీలో కూర్చుని కొట్టమంటారు?"

"కూర్చున్నావుగా! ఆ కుర్చీలోనే తగలడు."

ఇంతకంటే మర్యాదగా నాకు ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు. 'లేదు' మళ్ళీ పెట్టి, ఎరువు అని కొట్టాను. సాయంత్రానికల్లా లారీలు తిరిగి దారిలో పడ్డాయి. గుడివాడ రైతులు ఒక రోజు ఆలస్యంగా యూరియా పట్టుకెళ్ళారు. వాళ్ళు తిట్టిన తిట్లు సాయిబు గారు నాకు ఒక్కొక్కటీ అప్పజెప్పారు, చాలా బాగున్నాయి. మద్రాసాయన రావడం క్రమంగా తగ్గింది, తర్వాత మానేశాడు. ఆ మేడ మీద ఆ కుర్చీలో నేను గడిపిన సంవత్సరాలు నా జీవితంలో హాయిగా గడిచినవి. రోజూ ఎవరో ఒకరితో పోట్లాట, సాయంత్రానికి ఏదో ఒకటి సరిగ్గా నడవడం. మనిషికి ఇంకేం కావాలి?

'లారీ రానిండుకుంది' మాత్రం ఆఫీసులో నిలిచిపోయింది. టీ రాకపోతే టీ రానిండుకుంది. కరెంటు రాకపోతే కరెంటు రానిండుకుంది. సాయిబు గారు తన కూతురి పెళ్ళికి పిలవడానికి వచ్చి, "రానిండుకుంది అని కబురు పెట్టకండి, తప్పకుండా రండి" అన్నారు. వెళ్ళాం. బిర్యానీ నిండుకోలేదు.

ఇక మిగిలింది, మార్చింది ఎవరన్నది. టెలిటైపు మీద ఏది కొట్టినా కాగితం మీద ఉంటుంది కదా, చూస్తే తెలిసిపోతుంది అని మీరు అనొచ్చు. నేనూ చూశాను. ఆ రోజు ముక్క ఎవరో శుభ్రంగా చింపి తీసేశారు. స్కేలు పెట్టి చింపినంత సాఫుగా ఉంది. స్కేలు పెట్టి చింపడం అక్కకి టైపిస్టుగా ఉన్నప్పటి అలవాటు. కానీ అక్క రాస్తే 'ది'కి హెచ్ లేకుండా రాయదు, ప్రాణం పోయినా రాయదు. స్లిప్పు మీద నిండుకుందికి హెచ్ లేదు. పోనీ మేనేజరు గారు అనుకుందామా? ఆయనకి ఆ మాట మీద ఇష్టం ఉంది, నా మాట మీద అయిష్టం ఉంది, మధ్యాహ్నం ఏసీ గదిలో ఒక్కరే కూర్చునే అలవాటు ఉంది. కానీ ఆయన ఎప్పుడూ ఒక వేలితో తప్ప టైపు కొట్టి ఎరగరు. "నాకు ఆ టకటక రాదమ్మాయ్" అనేవారు. అక్క కూడా అదే మాట: "నాకు బెజ్జాలు తప్ప ఏం తెలుసే?"

ఇద్దరూ ఉన్నారు. మేనేజరు గారు బీసెంటు రోడ్డులో అప్పుడప్పుడు కనిపిస్తారు, వక్కపొడి మానేశారు. అడిగితే, "ఇంకా అదే పట్టుకుని ఉన్నావా?" అంటారు. అక్క గుణదలలో ఉంది. పోయిన క్రిస్మసుకి కేకు తీసుకుని మా ఇంటికి వచ్చినప్పుడు సూటిగా అడిగాను. "నిండుకుంది అనడం తప్పా ఏంటే?" అంది. ఇది జవాబు కాదని నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు.

ఎవరు చేశారన్నది కూడా ఇప్పుడు నాకు అంత ముఖ్యం కాదు. కోపం ఎప్పుడో పోయింది, అసలు ఆ తప్పే నా కుర్చీని నాకు ఖాయం చేసింది. నన్ను తొలిచేది ఇంకొకటి. ఆ కమాండు తప్పులేకుండా పడింది. పాత మాటనీ కొత్త మాటనీ విడదీసే ఏటవాలు గీతలు వాటి చోట లేకపోతే, చివర జి లేకపోతే, స్లిప్పు అలా వచ్చేది కాదు. చూసి ఒక్కసారిలో రాదది. పుస్తకం తెరవాలి, ఎవరూ లేనప్పుడు కూర్చోవాలి, తప్పులు పోయేదాకా కొట్టి చూడాలి. నేను చేసినట్టే. అంటే ఆ గదిలో నాతో పాటు ఇంకొకరు కూడా, చప్పుడు చెయ్యకుండా, అదంతా నేర్చుకున్నారు. ఆ కుర్చీ కోసం నేను ఇంతమందితో ఇన్ని మాటలు పడి వాదిస్తున్నప్పుడు, వచ్చి నా పక్కన నిలబడి "నాకూ వచ్చు" అని ఒక్క మాట అనలేదు. అంత కష్టపడి నేర్చుకున్న మనిషి, ఆ తర్వాత ఒక్కసారైనా ఆ కుర్చీ దగ్గరికి ఎందుకు రాలేదు?